కొండ దిగేందుకు కాళ్లున్నాయా?

తొలకరి పడితే చాలు... పత్తికొండ చుట్టుపక్కల చేలల్లో వేట మొదలవుతుంది. కుందేళ్ల వేట కాదు, వజ్రాల వేట! తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర వైపు పొలాల్లో వాననీరు పైమట్టిని కడిగేశాక, మెరిసే రాయి ఒక్కటైనా కనపడకపోతుందా అన్న ఆశతో పొద్దున్నే జనం దిగుతారు. ఆ ఊళ్లవాళ్లే కాదు, పక్క జిల్లాల నుంచీ, కర్ణాటక నుంచీ వస్తారు. చెట్ల కిందా, గుడి అరుగుల మీదా మకాం. చూపు నేల మీద, నడుం సగానికి వంగి... పొద్దుగూకే దాకా అదే నడక. వాళ్లలో ఇరవై ఏళ్ల కుర్రాళ్లుంటారు, అరవై దాటిన అవ్వలూ తాతలూ ఉంటారు.

వజ్రం దొరకడం అదృష్టం. దాని కోసం రోజంతా వంగి నడవగలగడం మాత్రం అదృష్టం కాదు. అది తొడల బలం, నడుం బలం. ఆ బలం వయసుతో పాటు తరిగిపోవాల్సిందేనా? నిలుపుకొనే దారి ఉందా? కొండలెక్కే అలవాటున్న ఈ సీమలో ప్రతి ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ప్రశ్నే ఇది. 'ఈ ఏడాది గట్టెక్కగలనా?' అని పెద్దాయన లోలోపల అనుకోవడం, 'నీకెందుకు నాయనా, ఇంటికాడ ఉండు' అని పిల్లలు అనడం... రెండూ మామూలే. కానీ ఇంటికాడ ఉండిపోవడమే అసలు ముప్పు అంటోంది వైద్యశాస్త్రం.

వేట మారింది... నడక మారలేదు

మనిషి కాళ్లు కొండా కోనా తిరిగేందుకు, వేట వెంట పరుగెత్తేందుకు అలవాటుపడ్డవి. ఆ వేట ఇప్పుడు లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక అడవి జంతువును వేటాడటం నేరం. ఉండకూడదు కూడా. నిజానికి వేట మాని నడక పట్టమన్న మాట పత్తికొండ ప్రాంతానికి కొత్తది కాదు. గుత్తి నుంచి పత్తికొండ వచ్చే దారిలో జొన్నగిరి దగ్గర ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. వాటిలో ఒకటి చెప్పే సంగతి ఇదే... పూర్వపు రాజులు వేట కోసం విహారయాత్రలు చేసేవారు, అశోకుడు పట్టాభిషేకమైన పదేళ్లకు బోధివృక్షమున్న చోటికి వెళ్లి, అప్పట్నుంచి వాటి స్థానంలో ధర్మయాత్రలు మొదలుపెట్టాడు. వేట పోయింది, ప్రయాణం మిగిలింది. రెండు వేల రెండొందల ఏళ్ల కిందటి మాట!

అహోబిలంలో వేట పండగైంది. కనుమ నాడు మొదలయ్యే పారువేట ఉత్సవంలో నరసింహస్వామి పల్లకి నల్లమల దిగువ పల్లెల్లో నలభై రోజులకు పైగా తిరుగుతుంది. బోయలు భుజాన మోస్తారు. ఊరి నుంచి ఊరికి నడకే. ఇక హొళగుంద మండలం దేవరగట్టులో దసరా రాత్రి మాళ మల్లేశ్వరుడి గట్టు, శివరాత్రికీ ఉగాదికీ నల్లమల అడవి గుండా శ్రీశైలం కాలినడక, మొక్కు ఉంటే తిరుమల మెట్లు. ఏడాది పొడవునా ఏదో ఒక కొండ పిలుస్తూనే ఉంటుంది. ఇబ్బంది ఎక్కడంటే, మిగతా పదకొండు నెలలు కుర్చీలో కూర్చుని, పన్నెండో నెలలో కొండెక్కుతామంటే కాళ్లు ఒప్పుకోవు.

వయసు తప్పా... మానేసిన తప్పా?

ముప్పై దాటాక మనిషి ఒంట్లో కండ పదేళ్లకు 3 నుంచి 8 శాతం దాకా తగ్గుతుందనీ, అరవై తర్వాత ఆ వేగం పెరుగుతుందనీ అంచనా. గుండె, ఊపిరితిత్తుల సత్తా కూడా కదలకుండా ఉండేవారిలో పదేళ్లకు పది శాతం చొప్పున పడిపోతుంది. వినడానికి భయంగానే ఉంటుంది. కానీ ఇందులో వయసు వాటా ఎంత, మానేయడం వాటా ఎంత?

అమెరికాలోని డల్లాస్‌లో 1966లో ఒక ప్రయోగం చేశారు. ఇరవై ఏళ్ల వయసున్న ఐదుగురు ఆరోగ్యవంతుల్ని మూడు వారాల పాటు మంచం మీదే ఉంచారు. ముప్పై ఏళ్ల తర్వాత అదే ఐదుగురినీ మళ్లీ పిలిచి పరీక్షించారు. తేలిందేంటో తెలుసా? ముప్పై ఏళ్ల వయసు వాళ్ల శక్తిని తగ్గించిన దానికన్నా, అప్పట్లో మూడు వారాల మంచమే ఎక్కువ తగ్గించింది! అంతేకాదు, యాభై ఏళ్ల వయసులో ఆరు నెలలు నడక, పరుగు లాంటి సాధన చేయిస్తే ముప్పై ఏళ్లలో పోయిన సత్తా తిరిగొచ్చింది.

యాభై సరే, తొంభై మాటేమిటి? 1990లో బోస్టన్‌ పరిశోధకులు వృద్ధాశ్రమంలోని పదిమందితో ఎనిమిది వారాలు తొడల బలానికి బరువుల వ్యాయామం చేయించారు. వాళ్ల సగటు వయసు తొంభై. సాధన పూర్తి చేసినవారి కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. అంటే రెండున్నర రెట్లు దాటింది. కండకు పుట్టినతేదీ తెలియదు. పని చెబితే పెరుగుతుంది, చెప్పకపోతే కరుగుతుంది... అంతే!

ఎక్కడం ఊపిరి పని... దిగడం మోకాలి పని

కొండ అనగానే అందరి భయం ఎక్కడం గురించే. ఆయాసం వస్తుంది, గుండె కొట్టుకుంటుంది, కూర్చుంటాం, మళ్లీ లేస్తాం. పైకి చేరితే గెలిచినట్టే అనుకుంటాం. కానీ వయసు మీదపడ్డవారిని ఎక్కువగా ఇబ్బందిపెట్టేది దిగుడే.

కారణం ఏమంటే... ఎక్కేటప్పుడు తొడ కండ బిగుసుకుంటూ ఒంటిని పైకి నెడుతుంది. దిగేటప్పుడు అదే కండ సాగుతూ, ఒళ్లు కిందికి జారకుండా ఆపాలి. బండికి బ్రేకు ఎలాగో దిగే మనిషికి తొడ కండ అలాగ. సాగుతూ బరువు ఆపినప్పుడు కండలోని పోగులు సన్నగా దెబ్బతింటాయి. అందుకే కొండ దిగిన రోజు హుషారుగా ఉన్నవాళ్లు రెండో రోజు మంచం దిగలేరు, బాసింపట్టు వేసుకుని అన్నానికి కూర్చోలేరు. కండ అలిసిపోతే బ్రేకు పని మోకాలి కీలు మీద పడుతుంది. అక్కడే కాలు తడబడటం, మడమ మెలిపడటం, పడిపోవడం. శ్రీశైలం కాలిదారినే చూడండి. వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు దాటి వచ్చేసరికి అలసిపోయిన కాళ్లతో భీముని కొలను లోయలోకి దిగాలి. దిగాక కైలాసద్వారం దాకా మళ్లీ నిట్టనిలువు ఎక్కుడు. లోయలో కాళ్లు పోగొట్టుకుంటే పైకి ఎలా?

మంచి మాట కూడా ఒకటుంది. దిగుడు ఒకసారి అలవాటైతే కండ దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. యాత్రకు రెండు మూడు వారాల ముందు ఒక చిన్న గుట్ట ఎక్కి దిగొస్తే, అసలు రోజున నొప్పులు బాగా తగ్గుతాయి. వ్యాయామశాస్త్రంలో పదే పదే తేలిన నిజం ఇది.

అరుగు మీద అవ్వ చెప్పే పాఠం

పల్లెల్లో పెద్దవాళ్లు అరుగు మీదో, కళ్లం దగ్గరో గొంతుకూర్చుని గంటలు గడుపుతారు. అది బద్ధకం అనుకుంటాం కానీ అదీ పనే. ఆఫ్రికాలోని టాంజానియాలో ఇప్పటికీ వేట మీదా, అడవి దుంపల మీదా బతికే హడ్జా జాతిపై 2020లో వచ్చిన అధ్యయనం ఆసక్తికరమైన సంగతి చెప్పింది. వాళ్లు కూడా రోజుకు పది గంటల దాకా కూర్చునే ఉంటారు. అయితే కుర్చీలో కాదు... గొంతుకూర్చునో, మోకాళ్ల మీదో. అలా కూర్చున్నప్పుడు కాళ్ల కండలు కొంత పని చేస్తూనే ఉంటాయి. నల్లమల చెంచుల ఇళ్ల ముందు కూడా కనిపించేది ఆ కూర్చోవడమే.

అలాగని రోజంతా అలాగే కూర్చోమని కాదు. బీజింగ్‌లో వృద్ధులపై చేసిన అధ్యయనంలో, వయసులో ఉండగా రోజూ గంటల తరబడి గొంతుకూర్చున్నవారికి మోకాళ్ల అరుగుదల ఎక్కువని తేలింది. మందు ఎంత మంచిదైనా మోతాదు ముఖ్యం కదా! కూర్చోవడం, లేవడం... ఈ రెండూ మారుతూ ఉండాలి. మోకాలి గుజ్జు ఇప్పటికే అరిగినవారు పూర్తిగా కిందికి కూర్చోకుండా కుర్చీ ఎత్తు దాకా వంగి లేస్తే చాలు.

వజ్రాల వేటకు వెళ్లేవారికీ ఇదే సూత్రం. నడుం దగ్గర విరిగినట్టు వంగి గంటలు నడిస్తే వెన్నుపూసల మీద భారం పడుతుంది. మోకాళ్లు కాస్త వంచి, తుంటి దగ్గర వంగాలి. ఇరవై నిమిషాలకోసారి నిటారుగా నిలబడి, నడుం మీద చేతులు పెట్టి వెనక్కి సాగాలి. మధ్యమధ్యలో గొంతుకూర్చుని వెతికితే నడుం ఊపిరి పీల్చుకుంటుంది.

ఇంట్లోనే చిన్న పరీక్ష

కొండకు ముందు మీ కాళ్లనే అడగండి. చేతులు లేని మామూలు కుర్చీని గోడకు ఆనించి కూర్చోండి. చేతులు ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుని, ముప్పై సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. 60-64 ఏళ్ల మగవారైతే 14, ఆడవారైతే 12 సార్లకు తగ్గకూడదు. 65-69 మధ్య 12, 11. 70-74 మధ్య 12, 10. అంతకు తగ్గితే పడిపోయే ప్రమాదం ఎక్కువని అర్థం.

రెండోది... గోడ పక్కన నిలబడి ఒంటికాలి మీద పది సెకన్లు. కాలు దించకుండా నిలబడగలిగితే మంచిదే. ఊగిపోతుంటే కొండదారి రాళ్ల మీదకు వెళ్లేముందు సాధన అవసరం.

మూడు నెలల తయారీ

మొదటి నెల: వారానికి ఐదు రోజులు అరగంట చొప్పున నడక. ఎంత వేగంగా నడవాలో తెలుసుకోవడానికి గడియారం అక్కర్లేదు. నడుస్తూ పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి... అదీ సరైన వేగం. ఇంటికొచ్చాక కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం, గోడ పట్టుకుని మునివేళ్ల మీద పదిహేనుసార్లు లేవడం. వారానికి మూడు రోజులు చాలు. పళ్లు తోముకుంటూ ఒంటికాలి మీద నిలబడటం రోజూ చేయొచ్చు.

రెండో నెల: మెట్లు. మేడ మెట్లయినా సరే, గుడి మెట్లయినా సరే. ఎక్కడం మామూలుగా, దిగడం మాత్రం ఒక్కో మెట్టుకు మూడు లెక్కపెట్టినంత నెమ్మదిగా. బ్రేకుకు సాధన ఇదే. పది నిమిషాలతో మొదలుపెట్టి ఇరవై దాకా పెంచాలి. మోకాలు పట్టేస్తుంటే పక్క గోడ పట్టుకోవాలి, వాపు వస్తే రెండు రోజులు ఆగాలి.

మూడో నెల: వారానికోసారి ఊరి దగ్గరి గుట్ట. ఏ చెప్పులతో, ఏ సంచితో అసలు యాత్రకు వెళతారో వాటితోనే వెళ్లాలి. సంచిలో రెండు మూడు కిలోల బరువు ఉండాలి. కొత్త బూట్లు కొండ మీద మొదటిసారి వేసుకోవడమంత పొరపాటు ఇంకోటి లేదు. చివరి వారం మాత్రం తేలిక నడకే... కాళ్లు తేరుకోవాలి కదా!

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనలూ ఇంచుమించు ఇవే. వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు శ్రమ, కనీసం రెండు రోజులు కండలకు పని, అరవై ఐదు దాటినవారికి వారంలో మూడు రోజులు తూలిపోకుండా నిలదొక్కుకునే సాధన.

కంచంలో ఏముంది?

శ్రమ ఒక్కటే చాలదు, కండ కట్టడానికి మాంసకృత్తులు కావాలి. పెద్దవాళ్లలో ఎక్కువమంది 'అరగదు' అంటూ అన్నం, చారు, మజ్జిగతో సరిపెట్టుకుంటారు. కిలో ఒంటి బరువుకు రోజుకు ఒక గ్రాముకు కాస్త పైన మాంసకృత్తులు వృద్ధులకు మేలని నిపుణుల సలహా. అంటే అరవై కిలోల మనిషికి అరవై గ్రాములు దాటాలి. ఖరీదైన డబ్బాలు కొనక్కర్లేదు. గుప్పెడు బుడ్డల్లో ఏడు గ్రాములు, ఒక గుడ్డులో ఆరు, గ్లాసు పాలలో ఆరు, అరవై గ్రాముల కందిబ్యాళ్లలో పదమూడు, రెండొందల గ్రాముల జొన్నపిండి రొట్టెల్లో ఇరవై. ఇవన్నీ పత్తికొండ సంతలో దొరికేవే. ఒక్క పూటే కాకుండా మూడు పూటలా పంచుకుని తింటే ఒంటికి బాగా పడుతుంది. మూత్రపిండాల జబ్బున్నవారు మాత్రం డాక్టరు చెప్పిన మేరకే తినాలి.

నీరు తప్పితే బలం వృథా

పత్తికొండ పేరు చరిత్రలో ఒక మరణంతో ముడిపడి ఉంది. సర్‌ థామస్‌ మన్రో 1800 నుంచి 1807 దాకా ఈ దత్తమండలాలకు కలెక్టరు. ఊరూరా గుడారాల్లో మకాం వేస్తూ తిరిగి రైతువారీ పద్ధతికి పునాది వేసినవాడు. తర్వాత మద్రాసు గవర్నరయ్యాడు. పదవి వదిలి స్వదేశం వెళ్లేముందు ఈ జిల్లాలను కడసారి చూడాలని బయల్దేరి, 1827 జులై 6న పత్తికొండలో కలరాతో పోయాడు. అప్పటికి ఆయన వయసు 66. ఆయన పేరిట ప్రభుత్వం ఇక్కడ తోపు వేయించి, బావి తవ్వించింది. అరవై ఆరేళ్లకూ ఊళ్లు తిరిగే సత్తువ ఉన్న మనిషిని, కలుషిత నీటితో పాకే జబ్బు ఒక్క రోజులో తీసుకెళ్లింది. ఆ సమాధానం బావి కావడం ఎంత సబబు!

యాత్రదారుల్లో ఇప్పటికీ ఇది గుర్తుపెట్టుకోవాల్సిన సంగతే. వాగునీరు, కుంటనీరు తాగొద్దు. కాచిన నీరు సంచిలో ఉండాలి. వయసు పెరిగేకొద్దీ దాహం వేయడం తగ్గుతుంది, ఒంట్లో నీరు తగ్గినా తెలియదు. అందుకే దాహంతో పని లేకుండా అరగంటకోసారి నాలుగు గుక్కలు తాగాలి. చెమట ఎక్కువగా పోతే ఉప్పేసిన మజ్జిగ మంచిది. విరేచనాలు పట్టుకుంటే లీటరు నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు... చెంచాలు తలకొట్టి కొలవాలి. రక్తపోటుకు, గుండెకు మాత్రలు వాడేవారు ఎండలో నడిచే ముందు మోతాదు గురించి డాక్టరును అడగడం తప్పనిసరి. కొన్ని మాత్రలు ఒంట్లో నీటిని బయటికి పంపేస్తాయి.

ఇవి మరిచిపోవద్దు

* చేతికర్ర ముసలితనానికి గుర్తు కాదు. దిగేటప్పుడు మోకాలి మీద పడే భారాన్ని అది పంచుకుంటుంది. నిలబడి పట్టుకుంటే మోచేయి లంబకోణంలో వంగేంత పొడవుంటే సరి.

* కాలిగోళ్లు రెండు రోజుల ముందే కత్తిరించుకోండి. దిగుడులో వేళ్లు చెప్పు ముందుభాగానికి కొట్టుకుని గోళ్లు నల్లబడతాయి.

* మధుమేహం ఉన్నవారు మొక్కు పేరుతో ఒట్టి కాళ్లతో నడవొద్దు. పాదాలకు స్పర్శ తగ్గి ముల్లు గుచ్చుకున్నా తెలియదు. దేవుడి దగ్గర చెప్పులు విడిస్తే చాలు. రాత్రికి పాదాలు తడిమి చూసుకోవాలి.

* ఛాతీలో బిగువు, ఎడమచేతికో దవడకో పాకే నొప్పి, మాట రానంత ఆయాసం, కళ్లు తిరగడం... ఏది వచ్చినా అక్కడే ఆగి సాయం పిలవాలి. 'ఇంకొక్క మలుపే' అనుకోవద్దు.

* ఎండలో నడుస్తూ ఎవరైనా తికమకగా మాట్లాడుతుంటే అది వడదెబ్బ కావొచ్చు. నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్లంతా తుడుస్తూ ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

* గుండెజబ్బు, ఉబ్బసం, మూర్ఛ ఉన్నవారు, అరవై దాటి దీర్ఘరోగాలున్నవారు తిరుమల మెట్లదారిలో రావొద్దని 2024లో తితిదే సూచించింది. మొక్కు బస్సులో వెళ్లినా చెల్లుతుంది!

మంచిరోజు ఎప్పుడు?

తయారీకి ముహూర్తం కావాలంటే పంచాంగంలోనే ఉంది. దసరాకు దేవరగట్టు ఎక్కాలనుకునేవారికి తొలి ఏకాదశి. కనుమ నాటి పారువేట పల్లకి వెంట నడవాలనుకుంటే విజయదశమి. శివరాత్రికి శ్రీశైలం అయితే కార్తీక పౌర్ణమి. ఉగాదికైతే ముక్కోటి ఏకాదశి. ప్రతి కొండకూ మూడు నెలల ముందు ఒక పండగ ఉంది. ఆ రోజు పాయసం తిన్నాక పడుకోకుండా చెప్పులేసుకుని వీధి చివరి దాకా నడిచొచ్చినవారికి, మూడు నెలల తర్వాత కొండ దిగేటప్పుడు ఎవరి భుజమూ అక్కర్లేదు.